పగలబడిన పగ

ఆమె అసలు పేరు జీతాలు ఇచ్చేవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. డబ్బింగ్ స్టూడియోలో గుమ్మం దగ్గరి వాచ్‌మన్ నుంచి లోపలి సౌండ్ ఇంజనీరు దాకా అందరూ గొంతెమ్మ అనే పిలుస్తారు. భాష రాని హీరోయిన్లకు భాషను, ఏడవడం రాని హీరోయిన్లకు ఏడుపును, సిగ్గు అసలే రాని హీరోయిన్లకు సిగ్గును అరువిచ్చే గొంతు కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. పేరుకు గొంతెమ్మే కానీ గొంతెమ్మ కోరికలేవీ ఉండేవి కావు పాపం. గాజు తలుపు వెనక మైకు ముందు నిలబడి, తెర మీది పెదాలు ఎటు కదిలితే అటు మాట్లాడి, సాయంత్రానికి ఇల్లు చేరి, అమ్మ చేతి టీ తాగితే ఆ రోజుకు అన్నీ అమరినట్టే. పెదవి కదిపేది ఒకరు, పెదవి విప్పేది ఈమె, పేరొచ్చేది మళ్లీ ఆ కదిపిన ఒకరికే. దానికీ ఎప్పుడూ పెదవి విరవలేదు.

అంత నెమ్మదస్తురాలికి పగ పట్టే అవసరం తెచ్చిపెట్టింది ఒక సినిమా.

తీసినవాడు కుర్ర దర్శకుడు. అతనికి అది మొదటి సినిమా. కథ మొదటి ప్రేమ. ఆ మొదటి ప్రేమ సాక్షాత్తూ మన గొంతెమ్మ.

కాలేజీ రోజుల్లో వాళ్లిద్దరూ ప్రేమించుకున్నారు. రెండిళ్లలోనూ ఒప్పుకోరని తేలిపోయాక, పక్క ఊరు వెళ్లి రిజిస్ట్రారాఫీసులో పెళ్లి చేసుకుందామనీ, తెల్లవారి బస్టాండులో కలుద్దామనీ మాట అనుకున్నారు. ఆమె వెళ్లింది. జిప్పు తెగిన సూట్‌కేసుకు తాడు కట్టుకుని మరీ వెళ్లింది. వాన మొదలైంది. బస్సులు వచ్చాయి, పోయాయి. అతను రాలేదు, ఆమెకు ఆశ పోలేదు. టీకొట్టాయన జాలిపడి నెత్తిన కప్పుకోమని పాత పేపరు ఒకటి ఇచ్చాడు. అది కూడా తడిసి ముద్దయ్యాక లేచి, అదే సూట్‌కేసు మోసుకుంటూ ఇంటికి నడిచింది. వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. అతనికేమో ఆ పొద్దునే ఒక పేరున్న దర్శకుడి దగ్గర అసిస్టెంటుగా చేరమని కబురొచ్చింది. ఫోను ఆపేసి రైలెక్కేశాడు. కొన్నాళ్లకు దొరికినప్పుడు ఆమె ఫోనులోనే సూట్‌కేసు నుంచి తడిసిన పేపరు దాకా పూసగుచ్చినట్టు చెప్పి, నోరారా తిట్టి, పెట్టేసింది. అన్నీ విని ఊరుకున్నాడనుకుంది. ఊరుకోలేదు, దాచుకున్నాడు.

ఆ రోజు దర్శనమే ఇవ్వనివాడు ఇప్పుడు దర్శకుడై కూచున్నాడు. మాట మీద నిలబడనివాడు మాటలు కూడా తనే రాసుకున్నాడు.

సినిమాలో బస్టాండు అదే. వాన అదే. తాడు కట్టిన సూట్‌కేసు అదే, నెత్తిన పాత పేపరు అదే. కాకపోతే తడిసింది హీరో, రానిది హీరోయిన్. పైగా మర్నాడు గొడుగేసుకుని తీరిగ్గా వచ్చి, కార్ల షోరూము ఓనరుతో తనకు సంబంధం కుదిరిందని చెప్పిపోతుంది. మొదటి ప్రేమ కథకు మొదటికే మోసం తెచ్చాడన్నమాట.

అక్కడితో ఆగినా బాగుండేది. ట్రైలరు వచ్చింది, దాని వెనకే ఇంటర్వ్యూలు వచ్చాయి. కనిపించిన ప్రతి మైకు ముందూ కుర్ర దర్శకుడు గొంతు బొంగురు చేసుకుని, ఇది తన జీవితమేననీ, ఒక్క సీను కూడా కల్పించలేదనీ చెప్పుకొచ్చాడు. వీళ్లిద్దరి సంగతి వీధిలో తెలియని గడప లేదు. కాబట్టి ఆ చెప్పింది తిన్నగా గొంతెమ్మ గడపకే వచ్చి తగిలింది. పిన్ని ఫోను చేసి, అయితే ఆ రోజు రానిది మీ అమ్మాయేనటగా అక్కా, మనకు వేరేలా చెప్పిందే అని అడిగింది. పిన్నిది అడగడంలా ఉండదు, అంటించడంలా ఉంటుంది. అగ్గిపెట్టె అక్కర్లేదు, ఫోను చాలు.

పిన్ని అంటే పట్టించుకోకపోయేది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ అమ్మ నెమ్మదిగా అంది.

"కోప్పడకు. ఆ రోజు నువ్వు వెళ్లింది బస్టాండుకేనా?"

గొంతెమ్మ కలిపిన ముద్దను కంచంలోనే వదిలేసింది. తడిసిన బట్టలతో గుమ్మంలో నిలబడితే తువ్వాలు తెచ్చి తల తుడిచిన మనిషి. ఆ మనిషికే అనుమానం వచ్చిందంటే ఇక లోకానికి రాదా? తను నోటితో చెప్పింది ఒక పక్క, వాడు తెర మీద చూపించబోయేది ఒక పక్క. తెర మీద చూసినదాన్ని కాదనే దమ్ము ఎవరికుంది? సినిమా విడుదలయ్యిందంటే నిజం కూడా చేయి విడిచి వెళ్లిపోతుంది. వాడు చెడగొట్టిన కథను వాడి నోటితోనే సరిచేయించాలి, అదీ అమ్మ వినేలా, పిన్ని వినేలా, గుమ్మాల్లో నిలబడి చూసిన వీధంతా వినేలా. ఆ పూట ఆమెకు మొట్టమొదటి గొంతెమ్మ కోరిక పుట్టింది.

ఎలాగో తెలియదు. దారి మాత్రం వాడే వేశాడు.

హీరోయిన్‌ది వేరే దేశం, వేరే భాష. షూటింగులో డైలాగుల బదులు ఒకటి రెండు మూడు నాలుగు అని అంకెలు చదివేసింది. ప్రేమిస్తున్నాననే చోట పదిహేడు, పద్దెనిమిది అంది. అలాంటి అంకెలకు అక్షరాలు వేయాలంటే గొంతెమ్మే గతి అని నిర్మాత తేల్చేశాడు. కుర్ర దర్శకుడు స్టూడియోకు స్వయంగా వచ్చాడు. గడ్డం పెంచాడు. బాధను బాగానే మేపుతున్నట్టున్నాడు. గొంతెమ్మ ఎదురుగా కూచుని, ఆమె గొంతు లేకపోతే ఆ పాత్రకు ప్రాణం రాదన్నాడు, పాతవన్నీ పక్కన పెడదామన్నాడు. ఆ పైన ఛాతీ మీద చెయ్యి వేసుకుని మెత్తగా చెప్పాడు.

"నేను నిన్ను ఎప్పుడో క్షమించేశాను."

గొంతెమ్మ అతని మొహంలోకి చూసింది. అబద్ధమాడుతున్నవాడి కళ్లు కావు అవి. వాడు ఆ కథను పదిమందికీ చెప్పీ చెప్పీ, చివరికి తనే కొనుక్కుని ఇంటికి తీసుకెళ్లిపోయాడు. చెప్పుకు చేతి దాకా వచ్చే ప్రయాణం ఎంతసేపని. కానీ చెప్పు తీస్తే ఒక దెబ్బ, గొంతు తీస్తే ఇంకా పెద్ద దెబ్బ అని తట్టి, సరే చేస్తానంది.

చేస్తానందే కానీ ఏం చేయాలి? మాటలు మార్చడం కుదరదు. గాజుకు అవతల సోఫాలో దర్శకుడు ప్రతి అక్షరానికీ తలూపుతూ కూచున్నాడు. నీరసంగా చదివి సినిమాను చంపేద్దామా అంటే, ముందు చచ్చేది తన పేరు. సౌండ్ ఇంజనీరు ఒప్పుకోడు. ఆయన్ను అందరూ బాబాయ్ అంటారు. తల నెరిసే దాకా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని బతికిన మనిషి, ఎవరెక్కడ గుటక మింగారో కూడా చెప్పేయగలడు. అందుకని గొంతెమ్మ పళ్లు బిగించి, నిజాయితీగా, చక్కగా, ఎప్పుడూ చెప్పనంత అందంగా డబ్బింగ్ చెప్పింది. రానని చెప్పమంటే రాననే చెప్పింది, షోరూము ఓనరును మెచ్చుకోమంటే మెచ్చుకుంది. కుర్ర దర్శకుడు మధ్యమధ్య కళ్లు ఒత్తుకున్నాడు. తను రాసిన అబద్ధానికి తనే ఏడ్చే మనిషిని చూడడం గొంతెమ్మకు అదే మొదలు.

మాటలన్నీ అయిపోయాక బాబాయ్ మైకులో పిలిచాడు.

"ఇక ఊపిర్లు మిగిలాయి గొంతెమ్మా."

డబ్బింగ్‌లో అది ఆఖరి పని. మాటలు లేనిచోట కూడా పాత్ర బతికే ఉందని తెలియాలి కదా. నిట్టూర్పులు, గుటకలు, వెక్కిళ్లు, పరిగెత్తితే ఆయాసం, వింటుంటే చిన్నగా ఊఁ అనడం, ఇవన్నీ విడిగా ఇంకో ట్రాకులో పట్టుకుంటారు. కాగితం మీద ఉండవు కాబట్టి ఏ దర్శకుడికీ వాటి మీద ఆసక్తి ఉండదు. గొంతెమ్మ బస్సు వెనక పరుగు తీసింది, మెట్లెక్కింది, దుప్పట్లో ఉలిక్కిపడింది. అన్నీ నిలబడిన చోటే. సోఫాలో కుర్ర దర్శకుడు ఎవరికో ఫోనులో ఇంటర్వ్యూ ఇస్తున్నాడు, నిజాయితీ గురించి.

అప్పుడు తెర మీదికి ఆ సీను వచ్చింది. పెళ్లి కుదిరిందని చెప్పేసిన హీరోయిన్‌తో హీరో పలికే పెద్ద ఉపన్యాసం. షూటింగు రోజున ఆ అమ్మాయికి గ్లిజరిన్ సీసా ఖాళీ చేసినా ఒక్క చుక్క రాలలేదట. విసుగెత్తి కెమెరాను ఆమె వెనక పెట్టి, భుజాలు ఊపమ్మా చాలు అన్నారట. కాబట్టి తెర మీద కనిపించేది ఆమె వీపు, ఊగే భుజాలు, అవతల వానలో తడిసిన హీరో మొహం. భుజాలు తడుముకోవలసినవాడు మటుకు కెమెరా వెనక కులాసాగా కూచున్నాడు.

హీరో మొదలుపెట్టాడు. "నువ్వెక్కడున్నా నీ ఇంటి ముందు వీధిదీపంలా నిలబడతాను. నువ్వు చూసినా వెలుగుతాను, చూడకపోయినా వెలుగుతాను. కరెంటు పోయినా వెలుగుతాను."

ఇక్కడ హీరోయిన్ వెక్కాలి. గొంతెమ్మ వెక్కడానికే ఊపిరి బిగబట్టింది. కానీ ఆ వీధిదీపం మాటలు చెప్పించినవాడు, బస్టాండులో ఒక్క గంట నిలబడనివాడు, తన సూట్‌కేసును హీరో చేతికిచ్చినవాడు, గాజుకు అవతల కాలు మీద కాలేసుకుని నిజాయితీ గురించి మాట్లాడుతున్నాడు. ఏళ్ల తరబడి కడుపులో కుతకుతలాడింది పైకి ఎగదన్నింది. పగ లోపలున్నంతసేపు పళ్లు కొరుకుతుంది, బయటపడితే పగలబడుతుంది. నోరు మూసుకుంది. ముక్కులోంచి వచ్చింది. పెదాలు బిగించింది. భుజాల్లోంచి వచ్చింది. క్కు, మ్మ్, మ్మ్ అని ఆపుకున్నకొద్దీ ఉబికిన నవ్వు, తెర మీది భుజాలు ఎలా ఊగితే అలా, తెరలు తెరలుగా మైకులో పడింది.

బాబాయ్ హెడ్‌ఫోన్లు తీసి గాజులోంచి ఆమెను చూశాడు.

"ఇది ఏంటమ్మా?"

"ఏడుపే బాబాయ్. లోపలి ఏడుపు."

ఆయన ఇంకేం అనకముందే సోఫాలోని మనిషి ఫోను దించి లేచి నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు. మళ్లీ వినిపించమన్నాడు. విన్నాడు. అలా గుండె చిక్కబట్టుకుని ఏడవడం తను ఇంతవరకూ వినలేదన్నాడు. ఇన్నాళ్లకు ఆమెకు తన విలువ తెలిసొచ్చిందని కూడా అనుకున్నాడేమో, గాజు మీద అరచెయ్యి ఆనించి తలూపాడు. ఆపుకున్న ఏడుపూ ఆపుకున్న నవ్వూ వినడానికి ఒక్క కడుపున పుట్టినట్టే ఉంటాయి. ఏది వినిపిస్తుందనేది వినేవాడు తనను గురించి ఏమనుకుంటున్నాడనే దాన్ని బట్టి ఉంటుంది.

"ఆ ఏడుపు ఇంకొంచెం పెంచండి," అన్నాడు.

బాబాయ్ మనస్సాక్షి ఉన్న మనిషి. ఆ రోజూ, ఆ తర్వాత శబ్దాలన్నీ కలిపే రోజూ, సార్ ఇది ఏడుపేనంటారా అని అడిగాడు. బాబాయ్, మీరు ప్రేమించి ఉంటే అలా అడిగేవారు కాదని కుర్ర దర్శకుడు ఆయన భుజం తట్టి, వాన చప్పుడు తగ్గించి మరీ దాన్ని పెంచమన్నాడు. బాబాయ్ పెంచాడు. దర్శకుడు చెప్పాక ఇంజనీరు ఏం చేస్తాడు.

మొదటి ఆటకు గొంతెమ్మ అమ్మనూ పిన్నినీ వెంటబెట్టుకుని వెళ్లింది. హాలు నిండిపోయింది. ముందు వరసలో కుర్ర దర్శకుడూ నిర్మాతా. పిన్ని చేతిరుమాలు మడతపెట్టి సిద్ధంగా కూచుంది, ఏడవడానికో ఎత్తిపొడవడానికో.

చెప్పకూడదు కానీ సినిమా బాగానే తీశాడు. దొంగిలించిన సరుకైనా సరుకు మంచిది. బస్టాండు సీను వచ్చేసరికి హాలంతా ముక్కులు ఎగబీల్చడం మొదలైంది. హీరో నెత్తిన పేపరు తడిసి జారిపోతుంటే వెనక ఎవరో, ఆ రాక్షసి రాదురా నాయనా అని గొణిగారు. అది నేను, ఆ తడుస్తున్నది నేను అని లేచి అరవాలనిపించింది గొంతెమ్మకు. అంతలో ఇంకో సంగతి. తన చేతిలో ఉన్న అమ్మ చెయ్యి మెల్లిగా వెనక్కు జారింది. జారి, అమ్మ ఒళ్లో ముడుచుకుంది. పిన్ని పక్కకు వంగి, పాపం పిల్లాడు అంది. అయిపోయింది అనుకుంది గొంతెమ్మ. నవ్వు కాస్తా ఏడుపుగానే చెల్లిపోతుంది, వాడి చెవులే అందరికీ ఉంటాయి, తన గొంతుతోనే తన గొంతు కోసుకున్నట్టవుతుంది.

వీధిదీపం వచ్చింది. చూసినా వెలుగుతాను, చూడకపోయినా వెలుగుతాను. హాలు నిశ్శబ్దం. కరెంటు పోయినా వెలుగుతాను. తెర మీద భుజాలు ఊగాయి. ఆ నిశ్శబ్దంలో, నాలుగు గోడల నుంచీ, పెంచమంటే పెంచిన ఆ చప్పుడు వచ్చింది. క్కు. మ్మ్. మ్మ్.

అమ్మ తల ఎత్తింది. ఇంటికొచ్చిన పెద్దవాళ్లు గొప్పలు చెప్పుకుంటుంటే పక్కగదిలోకి పారిపోయి, తలుపు వెనక కూతురు చేసే చప్పుడు అది. కడుపున మోసిన మనిషికి అందులో పొరపాటేముంటుంది. తన కూతురు ఏడవడం లేదు. ఆ ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నవాడు కోతలు కోస్తున్నాడు, తన కూతురు ఆపుకోలేకపోతోంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. నిండు హాల్లో, అందరికీ వినపడేలా, ఫక్కున నవ్వింది.

ఒక్కరు నవ్వితే చాలు, చెవి తిరిగిపోతుంది. వెనక వరసలో ఒకడు తెర మీది చప్పుడును మళ్లీ విని, ఒరే ఆ పిల్ల నవ్వుతోందిరా అన్నాడు. అంతే, హాలంతా ఒక్కసారి పక్కకు ఒరిగినట్టయింది. హీరో ఆగకుండా, నా గుండె నీ పాత చిరునామా, ఇల్లు మారినా ఇక్కడికే రా అంటున్నాడు. ఆ పిల్ల భుజాలు ఊగుతూనే ఉన్నాయి. జనం సీట్లు కొట్టుకుంటూ నవ్వారు. అంతదాకా వాడి కోసం ఏడ్చినవాళ్లే, వాడి చేత ఏడిపించుకున్నందుకు కసి తీరా నవ్వారు. పిన్ని నవ్వాలా వద్దా అని అక్కవైపు చూసి, తప్పదని నవ్వింది. అమ్మ చెయ్యి తిరిగొచ్చి కూతురి చేతిని నలిగిపోయేలా పట్టుకుంది.

గొంతెమ్మ మటుకు నవ్వలేదు. ముందు వరసలోని మెడను చూస్తూ కూచుంది. ఆ మెడ కాలర్లోకి దిగిపోతుంటే కళ్లార్పకుండా చూసింది.

దీంతో సినిమా పోయిందనుకుంటున్నారా? గొంతెమ్మా అలాగే అనుకుంది. పోలేదు. మర్నాటికి ఊరంతా వీధిదీపమే. జనం ఆ నవ్వు కోసం రెండోసారి వెళ్లారు. ప్రేమికుల మీద ఇంత వెటకారం ఈ మధ్య ఎవరూ చేయలేదని పత్రికల్లో రాశారు. నిర్మాత కుర్ర దర్శకుణ్ణి కావలించుకుని, కామెడీ అని ముందే చెప్పొచ్చు కదయ్యా అన్నాడు. వాడు మింగాలా కక్కాలా అని ఒక పూట ఆలోచించి మింగాడు. విజయోత్సవం పెట్టారు. టీవీలో చూపించారు. అమ్మా పిన్నీ గొంతెమ్మా ఇంట్లో చూస్తున్నారు.

విలేకరి ఒకాయన లేచి, ఆ నవ్వు ముందే అనుకున్నదా అని అడిగాడు. కుర్ర దర్శకుడు గడ్డం నిమిరి, ప్రతి ఊపిరీ తను అనుకున్నదే అన్నాడు. గొంతెమ్మ చేతిలో టీ కప్పు ఆగిపోయింది. సూట్‌కేసు తీసుకున్నాడు, వాన తీసుకున్నాడు, ఆఖరికి ఆ నవ్వు కూడా తీసేసుకున్నాడు. అయితే విలేకరి ఇంకా కూచోలేదు. ఇది మీ సొంత కథ అన్నారు, ఒక్క సీనూ కల్పన కాదన్నారు, మరి రాని అమ్మాయి మీద కాకుండా ఎదురుచూసిన అబ్బాయి మీద నవ్వించారేం అని అడిగాడు.

కుర్ర దర్శకుడు లెక్క వేసుకున్నాడు. నవ్వు తనదనాలంటే తప్పూ తనదే కావాలి. తప్పు తనది కాదంటే నవ్వు పొరపాటని ఒప్పుకోవాలి. పక్కన నిర్మాత చూస్తున్నాడు. ఎదురుగా చప్పట్లు ఎదురుచూస్తున్నాయి.

"నా మీద నేనే నవ్వుకున్నాను," అన్నాడు. "నిజానికి ఆ రోజు బస్టాండుకు రానిది నేను. వానలో తడిసింది తను."

హాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఎంత నిజాయితీ అన్నారు. పిన్ని టీవీ వైపు, గొంతెమ్మ వైపు, ఆపైన గోడ వైపు చూసింది. అమ్మ లేచి వీధి తలుపు బార్లా తెరిచి, టీవీ చప్పుడు బాగా పెంచింది. పక్కింటివాళ్లు పొరపాటున వినకపోయుంటే వినాలి కదా.

కాసేపటికి గొంతెమ్మ ఫోను మోగింది. వాడే. గొంతులో తడి. చూశావా, నీ కోసం అందరి ముందూ ఒప్పేసుకున్నానన్నాడు. ఇక మన మధ్య లెక్క సరిపోయినట్టేనన్నాడు. మనసు ఎంత తేలికపడిందో చెబితే నమ్మవన్నాడు. తేలికపడింది అన్న మాట దగ్గర గొంతెమ్మకు మళ్లీ మండింది. తనను మోయమన్న బరువును వాడు ఇంత సులువుగా, అదీ చప్పట్ల మధ్య దించేసుకుంటాడా?

"విజయయాత్ర ఉందటగా. ఎన్ని ఊళ్లు?" అంది.

చాలా ఊళ్లన్నాడు హుషారుగా. సినిమా ఆడే ప్రతి ఊరికీ వెళుతున్నానన్నాడు.

"ప్రతి ఊళ్లోనూ ఇదే చెప్పాలి. రానిది నేను, తడిసింది తను అని. ఈ రోజు చెప్పినట్టు గబగబా కాదు, నిదానంగా. ఏ ఊళ్లో మానేస్తే ఆ మర్నాడు నేనూ బాబాయూ వెళ్లి, ఆ నవ్వును ఏడుపనుకుని పెంచమన్నది ఎవరో చెప్పి వస్తాం."

వాడి హుషారు ఊపిరితో పాటే దిగిపోయింది.

"ఎన్నాళ్లు?" అన్నాడు.

"సినిమా ఆడినన్నాళ్లు."

సినిమా ఆడుతూనే ఉంది. కొత్త ఊళ్లలో కొత్త హాళ్లు తీసుకుంటున్నారు. కుర్ర దర్శకుడు ఊరూరా మైకు పట్టుకుని, రానిది నేను, తడిసింది తను అని నిదానంగా చెబుతున్నాడు. మొదట్లో కొట్టిన చప్పట్లు ఇప్పుడు లేవు. వీడు నిజంగానే అంత పని చేశాడా అన్నట్టు చూస్తున్నారట ఆడవాళ్లు. గొంతెమ్మ, అమ్మ, ఏ రోజుకారోజు టీవీ ముందు కూచుని వింటున్నారు, సరిగా చెప్పాడో లేదో చూసుకుంటున్నారు. తన మొదటి సినిమాను హాళ్లలోంచి ఎప్పుడు తీసేస్తారా అని దేవుడికి మొక్కుకునే దర్శకుడు ప్రస్తుతానికి లోకంలో వాడొక్కడే.